ఏ మీటకూ చెందని టిక్కు

(పియానో ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. చివర సభ్యులు అడిగిన ప్రశ్నల్లో మూడింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం. ఒక్క నిమిషం, ఈ మైకు దించుకోనివ్వండి. బెంచి ఎత్తు చూసుకోకుండా వాయించడం మొదలుపెట్టవద్దని పాతికేళ్లుగా పిల్లలకు చెబుతున్నదాన్ని, మైకు ఎత్తు చూసుకోకుండా మాట్లాడబోయాను.

కార్యక్రమ పత్రంలో నా అంశాన్ని ‘ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పియానో’ అని వేశారు. వేసినవారి మీద కోపం లేదు కానీ ఆ మాటతో నాకు చిన్న పేచీ ఉంది. కాళ్లు నేలకు అందని ఆరేళ్ల పాప వస్తే పాదాల కింద పీట వేస్తాం. చత్వారం వచ్చిన పెద్దాయన నేర్చుకుంటానంటే పెద్ద అచ్చు పుస్తకం వెతికి తెస్తాం. వీటిని ఎవరూ ప్రత్యేక అవసరాలు అనరు. మన చేతికి అలవాటైన సర్దుబాటు మామూలు అవసరం, మనకు చేయడం రానిది ప్రత్యేక అవసరం. అంతే తేడా.

చాలా ఏళ్ల క్రితం నా దగ్గరకు తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు వచ్చాడు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. మొదటి రోజు వీధిలో ఏదో బండి హారన్ మోగితే, గబగబా వచ్చి పియానో మీద సరిగ్గా ఆ స్వరం నొక్కి చూపించాడు. నేను సంబరపడిపోయాను. సంబరపడి, ఆ తర్వాత చేయకూడనివన్నీ చేశాను. వాడు కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ‘కదలకుండా కూర్చో’ అన్నాను. లయ తప్పకుండా టిక్కుటిక్కుమంటూ దెబ్బలు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టాను. వాడు రెండు చెవులూ మూసుకుని పియానో కిందకు దూరాడు. వచ్చే వారం మళ్లీ పెట్టాను, మళ్లీ దూరాడు. మూడో వారమూ అంతే. మొండితనం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ గదిలో మొండిగా ఉన్నది ఎవరో మీకూ తెలుస్తోంది, నాకూ తెలుస్తోంది.

నాలుగో వారం మెట్రోనోమ్‌లో బ్యాటరీ అయిపోయింది. వాడు పియానో కింద నుంచి బయటకు వచ్చి కూర్చుని, ఊగుతూ పాఠం మొత్తం వాయించాడు. ఊపుకూ దెబ్బకూ వెంట్రుకవాసి తేడా లేదు. లయ నేర్పుతున్నాననుకుంటూ, లయలో ఊగుతున్న పిల్లవాడిని మూడు వారాలు ఊగవద్దని ఆపాను. చెవులెందుకు మూసుకున్నాడో తర్వాత ఎప్పుడో తెలిసింది. మెట్రోనోమ్ టిక్కుమనేది ఏ స్వరంలోనో వాడే మీటల మీద వెతికి చూపించాడు. ఒక తెల్ల మీట నొక్కాడు, తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న నల్ల మీట నొక్కాడు, మళ్లీ అడ్డంగా ఊపాడు. ఆ టిక్కు రెండింటికీ నడుమ ఎక్కడో ఉంది, ఏ మీటకూ చెందదు. ఆ చెవికి అది ప్రతి క్షణం అపస్వరమే. ఎవరైనా మీ పక్కన కూర్చుని సెకనుకొకసారి అపస్వరం పలుకుతుంటే మీరు ఎక్కడ దూరేవారు?

ఆ రోజు నుంచి నన్ను నేను ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఈ విద్యార్థి ఆగిపోయింది సంగీతం దగ్గరా, పియానో పాఠం దగ్గరా? ఈ రెండూ ఒకటి కావు. స్వరం, లయ, నాదం, వాటిని చేతులతో పలికించడం సంగీతం. నిటారుగా కూర్చోవడం, ఎదురుగా పుస్తకం, మీటల నడిమధ్యనున్న సి స్వరం, అంటే మిడిల్ సి నుంచి ఆరంభం, రెండు చేతులూ, వారానికి ఒకసారి అరగంట, ఏడాది చివర నిశ్శబ్దంగా కూర్చున్న జనం ముందు కచేరీ, ఇవన్నీ పాఠం తాలూకు ఆచారాలు. కొన్ని మంచివే. కానీ తీసేస్తే సంగీతానికి ఏమీ కాదు. నా అనుభవంలో పదింట ఎనిమిదిసార్లు విద్యార్థి ఆచారం దగ్గరే ఆగిపోయాడు. ఇది లెక్క కట్టి చెప్పిన మాట కాదు, నోటి లెక్క.

అసలు పియానోలాంటి మర్యాదస్తురాలైన వాద్యం మరొకటి లేదు. వయొలిన్ మీద ఒక స్వరం సరిగ్గా పలకడానికి నెలలు పడుతుంది. పియానో మీద పిల్లి నడిచినా శ్రుతిలోనే పలుకుతుంది. మొత్తం 88 మీటలు, 52 తెల్లవి, 36 నల్లవి. నల్లవి రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. కళ్లు మూసుకుని అరచేయి పరిస్తే ఎక్కడున్నామో తెలుస్తుంది. చూపు లేని విద్యార్థికి నేను మొదట పేర్లు చెప్పను, ‘జంట కొండలు వెతుకు, మూడు కొండలు వెతుకు’ అంటాను. పది నిమిషాల్లో పియానో ఆ చివర నుంచి ఈ చివర దాకా వారి చేతికి వచ్చేస్తుంది. చూపున్న పిల్లలకు దీనికి ఒక వారం పడుతుంది, ఎందుకంటే వాళ్లు తడమరు, చూస్తారు.

మనలో చాలామంది వాడుకోని సంగతి మరొకటి ఉంది. జంట నల్ల మీటల మధ్యనున్న తెల్ల మీట, డి, చూడండి. అక్కడ అద్దం నిలబెడితే కుడివైపు ఏముందో ఎడమవైపూ అదే ఉంటుంది. రెండు బొటనవేళ్లూ ఆ డి మీద పెట్టి, కుడిచేయి కుడికీ ఎడమచేయి ఎడమకూ ఒకేసారి వెళ్తే, రెండు చేతుల్లోనూ అవే వేళ్లు, అవే దూరాలు, అవే ఎత్తుపల్లాలు. కదలికల సమన్వయం కష్టమైన పిల్లలకు, అంటే డిస్‌ప్రాక్సియా ఉన్నవారికి, రెండు చేతులూ ఒకే దిక్కుకు నడవడం నరకం. అద్దంలా నడవడం చాలా తేలిక, శరీరానికి అది సహజం. కానీ మన పుస్తకాల్లో ఎక్కువ భాగం మిడిల్ సి చుట్టూ తిరుగుతాయి. సి దగ్గర ఈ అద్దం పనిచేయదు. మరి సి ఎందుకు? నొటేషన్‌లో, అంటే స్వరాలను కాగితం మీద రాసే లిపిలో, అది కుడిచేతి వరుసకూ ఎడమచేతి వరుసకూ నడుమ అందంగా కూర్చుంటుంది కాబట్టి. అంటే కాగితం సౌకర్యం కోసం చేతిని కష్టపెడుతున్నాం.

పంతొమ్మిదో శతాబ్దపు పియానో స్వరకర్త షోపాన్ శిష్యులకు చేతిని మొదట ఎక్కడ పెట్టించేవాడో మీకు తెలిసే ఉంటుంది. బొటనవేలు ఇ మీద, చిటికెనవేలు బి మీద, మధ్యలోని మూడు పొడుగు వేళ్లు మూడు నల్ల మీటల మీద. చేతి ఆకారానికి అంతకంటే ఒప్పే చోటు పియానో మీద లేదు. తెల్ల మీటల మీద సి స్కేలు చదవడానికి తేలిక, వాయించడానికి కష్టం అనేది ఆయన అభిప్రాయం. మనం దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా సి నుంచే మొదలుపెడుతున్నాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టుంది మన వరస.

ఇక నల్ల మీటలు మాత్రమే వాయిస్తే అయిదు స్వరాలే వస్తాయి, వాటిలో ఏ రెండు కలిసినా చెవికి గుచ్చుకోవు. తప్పు వస్తుందేమోనన్న భయంతో చేయి కదపని పిల్లలున్నారు. వారికి నేను ఎడమవైపు కూర్చుని మంద్రంలో ఏదో ఒకటి వాయిస్తూ, ‘నల్లవాటి మీద నీ ఇష్టం’ అంటాను. అక్కడ తప్పు చేయడం సాధ్యం కాదు. ఆ ఆట ఒకరితో నాలుగు నెలలు ఆడాను. తల్లిదండ్రులు పాఠం ఎప్పుడు మొదలవుతుందని అడిగారు.

(నవ్వులు)

నొటేషన్ దగ్గరకు వస్తాను. ఇక్కడ నాకు కాస్త ఆవేశం వస్తుంది, మన్నించండి. డిస్లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడి ముందు కిక్కిరిసిన పేజీ పెట్టి ‘చూసి వాయించు’ అంటే, నిలువునా అడ్డంగా ఒకేసారి రెండు వరుసలు చదవమని, వాటిని పది వేళ్లకు పంచమని, అదీ వేగం తగ్గకుండా చేయమని అడుగుతున్నాం. పేజీకి ఒకే వరుస ఉంచండి. పెద్దది చేయండి. చదవని భాగాన్ని అట్టముక్కతో కప్పండి. తెల్ల కాగితం మెరుపు కళ్లను ఇబ్బంది పెడుతుందంటే లేత రంగు కాగితం మీద తీసి ఇవ్వండి. ఏ రంగు అని నన్ను అడగవద్దు, చదివేవాళ్లను అడగండి. ఫిన్లాండ్‌లో 1990లలో ఫిగర్‌నోట్స్ అనే పద్ధతి వచ్చింది. స్వరానికి ఒక రంగు, స్థాయికి ఒక ఆకారం. మీట మీద అంటించిన రంగూ ఆకారమూ కాగితం మీదివాటితో సరిపోతే అదే మీట. నేర్చుకోవలసిన సంకేతాలు దాదాపు ఏమీ ఉండవు. డౌన్ సిండ్రోమ్ ఉన్న విద్యార్థులతో వాడాను. విని గుర్తుపెట్టుకోవడం కంటే చూసి గుర్తుపెట్టుకోవడం వారిలో చాలామందికి బలం. వారి కండరాల్లో బిగువు తక్కువ, వేళ్లు కాస్త పొట్టి. బరువైన మీటలతో కుస్తీ పట్టించకుండా తేలిక మీటల కీబోర్డు మీద మొదలుపెట్టి తర్వాత పియానోకు మారవచ్చు. అయిదు వేళ్లూ వాడి తీరాలన్న పట్టుదలా అక్కర్లేదు.

‘చెవితో నేర్చుకుంటే బద్ధకం వస్తుంది’ అని మా గురువుగారు అనేవారు. మీ గురువులూ అని ఉంటారు. జపాన్ పియానిస్టు నొబుయుకి త్సుజీ పుట్టుకతోనే అంధుడు. కుడిచేతి భాగం, ఎడమచేతి భాగం విడివిడిగా రికార్డు చేయించుకుని, విని, జ్ఞాపకంలో కలుపుకుంటాడు. 2009లో అమెరికాలో జరిగే వాన్ క్లైబర్న్ పియానో పోటీలో బంగారు పతకం పంచుకున్నాడు. అందులో బద్ధకం ఎక్కడుందో నాకైతే కనబడలేదు. చదవాలనుకునేవారికి బ్రెయిల్ సంగీత లిపి ఉంది. లూయీ బ్రెయిల్ స్వయంగా చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. 1829లో అచ్చయిన ఆయన తొలి పుస్తకంలో అక్షరాలతో పాటు సంగీతమూ ఉంది. ఆరు చుక్కల్లో పై నాలుగూ స్వరం చెబుతాయి, కింది రెండూ అది ఎంతసేపో చెబుతాయి. ఎంత పొదుపో చూడండి. చిక్కల్లా పియానో దగ్గరే. చదవడానికి ఒక చేయి కావాలి, వాయించడానికి రెండు కావాలి. కాబట్టి ఎడమచేత్తో చదువుతూ కుడిచేత్తో, కుడిచేత్తో చదువుతూ ఎడమచేత్తో, ఒక్కో బార్, అంటే పాటలోని ఒక్కో తాళ ఖండం, కంఠస్థం చేసి కలపాలి. చూపున్న విద్యార్థికి వారం ఇచ్చిన పాఠానికి వీరికి మూడు వారాలు ఇవ్వాల్సి వస్తే, అది ప్రతిభ లెక్క కాదు, చేతుల లెక్క.

చేతుల లెక్క అన్నాను కాబట్టి, ఒక చేతితో వాయించేవారి సంగతి చెబుతాను. ఆస్ట్రియా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ మొదటి ప్రపంచ యుద్ధం తొలి నెలల్లో, 1914లో, కుడిచేయి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత నాటి పెద్ద స్వరకర్తల చేత ఎడమచేతి రచనలు రాయించుకున్నాడు. ఫ్రెంచ్ స్వరకర్త రవేల్ రాసిన కాన్సర్టోను, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనను, 1932 జనవరిలో వియన్నాలో వాయించాడు. అంతేకాదు, రచనలో సొంత మార్పులు చేసి రవేల్‌తో తగాదా కూడా పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకు భలే నచ్చుతుంది. జాలిపడాల్సిన మనిషిగా కాక, అహంకారమున్న పూర్తి కళాకారుడిగా నిలబడ్డాడు. కుడిచేయి లేకుండా పుట్టిన నికొలస్ మెకార్తీ 2012లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ నుంచి పట్టా అందుకున్నాడు.

ఎడమచేతికే ఇన్ని రచనలెందుకు? కారణం బొటనవేలు. ఎడమచేయి మీటల మీద పెడితే బలమైన బొటనవేలు పైస్వరాల వైపు ఉంటుంది, అంటే బాణీ ఉండే వైపు. మంద్ర స్వరం నొక్కి, కాలితో తొక్కే పెడల్‌తో దాన్ని నిలిపి, చేయి ఎగిరి పైకి వస్తే రెండు చేతుల భ్రమ కలుగుతుంది. కుడిచేయి ఒక్కటే ఉంటే బాణీ బలహీనమైన చిటికెనవేలి మీద పడుతుంది. అందుకే కుడిచేతి రచనలు చాలా తక్కువ. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఎడమచేయి బిగుసుకుపోయిన అమ్మాయి ఒకామె దగ్గర నేను పడిన తిప్పలన్నీ దీనివల్లే. కచేరీ స్థాయిలో రవేల్ ఉన్నాడు సరే, మొదటి ఏడాది పిల్లలకు ఏముంది? వెతికి వెతికి విసిగి, నేనే రాశాను. గొప్ప రచనలేమీ కావు. ఒకటి మాత్రం వినసొంపుగా ఉంటుంది. అదీ చివరి నాలుగు బార్లు ఆమే మార్చింది కాబట్టి.

కాళ్ల మాట. ఫ్రాన్స్ జాజ్ పియానిస్టు మిషెల్ పెట్రుచియానీ ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుతో పుట్టాడు, మూడడుగుల మనిషి. పెడళ్లు అందేలా ఒక అమరిక చేయించుకుని వాయించేవాడు. ఆ రికార్డింగులు విన్నవారెవరికీ పెడల్ అమరిక గుర్తుకు రాదు.

వినికిడి తక్కువైన విద్యార్థులకు డిజిటల్ పియానో ఇవ్వకండి. చెక్క పియానో దగ్గర కూర్చోబెట్టి పెట్టె మీద చేయి పెట్టించండి. మంద్ర స్వరాలు అరచేతికి వినబడతాయి. శబ్దం భరించలేని పిల్లలకు ఇది పూర్తిగా తలకిందులు. వారికి డిజిటల్ పియానో, శబ్దం తగ్గించే మీట, హెడ్‌ఫోన్లు వరప్రసాదం. ఈ ఇద్దరూ ఒకే రోజు ఒకరి తర్వాత ఒకరు వచ్చే ఇంట్లో రెండు పియానోలూ ఉండాలి, లేదా కనీసం నా అంత గందరగోళమైనా ఉండాలి.

ఏకాగ్రత చెదిరే పిల్లలు, అంటే ఏడీహెచ్‌డీ ఉన్నవారి గురించి ఎక్కువమంది అడుగుతారు. నేను వారికి పాటను చివరి బార్ నుంచి నేర్పుతాను. తర్వాత దాని ముందు బార్, ఆ తర్వాత దాని ముందుది. అప్పుడు వాయించిన ప్రతిసారీ తెలియనిదాని నుంచి తెలిసినదానిలోకి వెళ్తారు, పాట పూర్తయిన సంతోషం ప్రతిసారీ దక్కుతుంది. మొదటి నుంచి నేర్పితే మొదటి రెండు బార్లు అద్భుతంగా వచ్చి, చివర ఎప్పటికీ రాదు. మీ ఇళ్లలో అలాంటి పాటలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. సాధన రోజుకు అరగంట అని రాసివ్వకండి. అయిదు నిమిషాలు, రెండుసార్లు. నిలబడి వాయిస్తానంటే నిలబడనివ్వండి.

మన నోటి గురించి కూడా చెప్పాలి. మనం ఎక్కువ మాట్లాడతాం. ‘బాగుంది కానీ మోచేయి కాస్త దించి, నాలుగో వేలు చూసుకుని, ఇంకొంచెం మెల్లగా మొదటి నుంచి’ అంటాం. అందులో నాలుగు పనులున్నాయి. ఒక్కటి చెప్పి ఆగండి. ఆగి, మనసులో పది లెక్కపెట్టండి. జవాబు రావడానికి కొందరికి అంత సమయం పడుతుంది. ఆరు దగ్గర మీరు మళ్లీ అడిగితే వారి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అలాగే, అడగకుండా విద్యార్థి చేయి పట్టుకుని మీటల మీద పెట్టవద్దు. కొందరికి ఆ స్పర్శ వాత పెట్టినట్టు ఉంటుంది. నా చేయి మీటల మీద పెట్టి, ‘కావాలంటే నీ చేయి నా చేతి మీద పెట్టు’ అంటాను. తీసేసుకునే స్వేచ్ఛ వారి దగ్గరే ఉంటుంది.

తల్లిదండ్రులు రెండు రకాల ఆశలతో వస్తారు. కొందరు ‘మా వాడిలో అద్భుతం దాగి ఉంది, బయటకు తీయండి’ అంటారు. ఆటిజం ఉన్నవారిలో విన్న స్వరాన్ని పోల్చే చెవి మిగతావారి కంటే ఎక్కువమందిలో కనబడుతుందన్నది నిజమే. కానీ అందరిలో ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అద్భుతం కోసం వెతికితే ఏమవుతుందో 1849లో అమెరికాలో బానిసగా పుట్టిన అంధ పియానిస్టు థామస్ విగ్గిన్స్ జీవితం చెబుతుంది. ‘బ్లైండ్ టామ్’ అని పేరు పెట్టి ఊరూరా ప్రదర్శించారు. ఆ డబ్బు ఆయన యజమానులు, సంరక్షకుల చేతికే వెళ్లింది. రెండో రకం తల్లిదండ్రులు ‘పియానో నేర్పితే నెమ్మదిస్తాడట కదా’ అంటారు. నేను చికిత్స చేసే మనిషిని కాను. దానికి శిక్షణ పొందిన మ్యూజిక్ థెరపిస్టులు వేరే ఉన్నారు. పక్కింటి పిల్ల పియానో దేనికి నేర్చుకుంటోందని ఎవరూ అడగరు. ఈ పిల్లవాడికి మాత్రం ఏదో ఒక ప్రయోజనం చూపించాలి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 30వ అధికరణంలో, కళాశక్తిని పెంపొందించుకునే అవకాశం వారి సొంతం కోసమే కాక, సమాజాన్ని సుసంపన్నం చేయడానికి కూడా అని ఉంది. నెమ్మదించడం గురించి అందులో ఏమీ లేదు.

నా సమయం అయిపోయిందని ముందు వరుసలో గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: ఇన్ని సడలింపులు ఇస్తే ప్రమాణాలు పడిపోవా? పరీక్షల్లో ఏం చేయాలి?

పెద్ద పరీక్షా సంస్థలు అదనపు సమయం, పెద్ద అచ్చు, బ్రెయిల్ ప్రతులు ఇస్తున్నాయి. ముందుగా దరఖాస్తు చేయాలి, పరీక్ష రోజు గుమ్మం దగ్గర అడిగితే కుదరదు. మార్కులు మాత్రం అందరికీ ఒకే కొలత. ప్రమాణం అంటే పలికిన సంగీతం ఎలా ఉందన్నది. కాగితం ఏ రంగులో ఉందన్నది కాదు.

ప్రశ్న: కచేరీలో మా విద్యార్థిని చప్పట్లకు భయపడి వేదిక దిగిపోయింది. మళ్లీ ఎక్కించాలా?

ఆమెను అడగండి. చప్పట్ల బదులు గాలిలో చేతులు ఊపమని నేను ముందే చెబుతాను. బధిరుల సభల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. తలుపు తెరిచి ఉంచుతాను, దీపాలు ఆర్పను. వద్దంటే వద్దు. ఇంట్లో వాయించి అమ్మమ్మకు వినిపించడం కూడా కచేరీయే.

ప్రశ్న: ఆ అబ్బాయి తర్వాత ఎప్పుడూ మెట్రోనోమ్ వాడలేదా?

వాడాడు. పద్నాలుగో ఏట తనే అడిగాడు. శబ్దం లేకుండా దీపం వెలిగి ఆరేది ఒకటి కొన్నాను. రెండు వారాలకు తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టి, ‘ఇది ఆలస్యంగా నడుస్తోంది’ అన్నాడు. సరిచూడడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలలేదు.

(చేతులు ఊపడం)